కబాడీకి వేసే ముందు ఒకసారి విప్పి చూడండి



కౌన్సెలింగ్‌లో సీటు ఖరారయ్యే రోజుల్లో మన ఇళ్లలో ఒక కొత్త ఫికర్ మొదలవుతుంది. అదే లాప్‌టాప్. ఫీజుకు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకుంటాం, పుస్తకాలు సీనియర్ల దగ్గర అడిగి తెచ్చుకుంటాం. లాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొత్తదే కావాలి, అదీ కిస్తీల మీదే కావాలి అన్నట్టు మాట్లాడతాం. నా రాయ్ వేరు. మంచి సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఒకటి నగదు ఇచ్చి కొనుక్కుని, దాన్ని విప్పడం, తుడవడం, పార్టు మార్చడం ఇంట్లో కనీసం ఒక్కరైనా నేర్చుకోవాలి. మనలాంటి ఆమ్‌దనీ ఉన్న ఇళ్లకు ఇంతకంటే అకల్‌మందీ పని నాకు కనిపించడం లేదు.

ఈ గొడవ పోయినేడు మా ఇంట్లోనే నడిచింది. మా ఆపా కూతురికి ఇంజనీరింగ్‌లో సీటు వచ్చింది, మాషాఅల్లాహ్. దూలాభాయ్ టైలర్. అరవై వేల లాప్‌టాప్ చూసి వచ్చారు. షోరూమ్‌లో 'జీరో వడ్డీ' అన్నారట, పన్నెండు కిస్తీలు. నేను వద్దన్నాను. "పురానా మాల్ దిలాకు బచ్చీ కూ షర్మిందా నక్కో కరో" అన్నారాయన.

ముందు ఆ జీరో సంగతి చూద్దాం. సున్నా వడ్డీ పేరుతో నడిచే కిస్తీ పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజులో దాచి వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2013లో బ్యాంకులకు రాసింది. నగదు ఇస్తే దొరికే డిస్కౌంట్ కిస్తీవాడికి దొరకదు. ఆ తేడా ఏమిటో లెక్కేసుకోండి. సూద్ అంటే దూరం జరిగే ఇళ్లలో కూడా, కాగితం మీద 'జీరో' అని కనబడగానే దస్తఖత్ పెట్టేస్తున్నారు. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. ఫీజు ఎంత, నగదు ధర ఎంత అని రెండు ప్రశ్నలు అడగండి అంటున్నాను, అంతే.

ఇక షర్మిందగీ. దూలాభాయ్ దుకాణంలో ఉన్న కుట్టు మిషన్ వాళ్ల అబ్బా నుంచి వచ్చింది. ప్రతి జుమ్మాకు దాని పైమూత తీసి, దూది దులిపి, నూనె చుక్కలు వేస్తారు. బెల్టు మార్చారు, బాబిన్ కేసు మార్చారు, పెడల్ తీసి మోటారు పెట్టారు. ఆ మిషన్ పాతదని ఏ గిరాకీ అయినా వాపసు వెళ్లాడా? కుట్టు ఎలా వచ్చిందో చూస్తారు గానీ మిషన్ పుట్టిన సంవత్సరం ఎవరడుగుతారు? ఒక మిషన్‌ను ముప్ఫై ఏళ్లు నడిపించే హునర్ ఉన్న మనిషి, కంప్యూటర్ అనగానే నాలుగేళ్లకు చచ్చిపోయే వస్తువని ఎలా నమ్మేశారో నాకు అర్థం కాలేదు. ఈ మాట ఆయనతోనూ అన్నాను. నవ్వారు, ఒప్పుకోలేదు.

నేను ఈ రాత రాస్తున్న లాప్‌టాప్ 2015 నాటిది. ఏదో పెద్ద కంపెనీలో నాలుగేళ్లు పనిచేసి బయటికొచ్చింది. 2019లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అంటారే, అక్కడ పద్నాలుగు వేలకు కొన్నాం. అప్పుడది ఆన్ కావడానికే నాలుగు నిమిషాలు పట్టేది. ఫజర్ నమాజ్‌కు లేచి స్విచ్ నొక్కి, వుజూ చేసి వచ్చేసరికి కూడా చక్రం తిరుగుతూనే ఉండేది. మరుసటి ఏడాది లోపలి హార్డ్ డిస్క్ తీసేసి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టాను. రెండున్నర వేల లోపే అయింది. ఇప్పుడు అర నిమిషంలో లేస్తుంది.

ఇందులో జాదూ ఏమీ లేదు. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, లాప్‌టాప్‌ల్లో అయితే సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు. దాని మీద ఒక సన్నటి ముల్లు ఇటూ అటూ జరిగి ఒక్కో ముక్కా వెతికి తేవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, అంతా చిప్పుల్లోనే ఉంటుంది. 'మా కంప్యూటర్ ముసలిదైపోయింది' అని మీరు అనుకునే పదింటిలో చాలావాటికి జబ్బు ఈ ఒక్క చోటే ఉంటుంది. ప్రాసెసర్ గట్టిగానే ఉంటుంది పాపం, డిస్క్ ఎప్పుడు అందిస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

రెండోది ర్యామ్. నాలుగు జీబీ ఉన్నదాన్ని ఎనిమిది చేశాను. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ కాలపు లాప్‌టాప్‌లు చాలావరకు డీడీఆర్3ఎల్ రకం తీసుకుంటాయి, అది 1.35 వోల్టులది. మామూలు డీడీఆర్3 1.5 వోల్టులది. చూడ్డానికి రెండూ కవలలే, కానీ తప్పు రకం పెడితే మిషన్ అసలు లేవకపోవచ్చు. అందుకే పాత స్టిక్ చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లండి, దాని మీది లేబుల్ చూపించి అలాంటిదే అడగండి. మన అమ్మీలు బ్లౌజు ముక్క పట్టుకుని మ్యాచింగ్ దారానికి వెళ్లినట్టే.

కొనేటప్పుడు ఏం చూడాలని చాలామంది బాజీలు అడుగుతుంటారు. కంపెనీలు లీజుకు తీసుకుని వాపసు ఇచ్చే రకాలు, అంటే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి, ఇళ్ల కోసం తయారైన చవక మోడళ్ల కంటే విప్పడానికి సులువు. వాటికి విప్పే తీరు బొమ్మలతో సహా చూపించే సర్వీస్ మాన్యువల్‌ను తయారీదారులే నెట్‌లో ఉచితంగా పెడతారు. ప్రాసెసర్ నంబర్ చూడండి. ఐ5 తర్వాత గీత పక్కన నాలుగంకెలు ఉండి, అవి 1తో మొదలుకాకపోతే, మొదటి అంకె దాని తరం. 5300 అంటే అయిదో తరం, 8250 అంటే ఎనిమిదో తరం. ఈ అంకె ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను. దుకాణంలోనే ప్రతి కీ నొక్కండి, ప్రతి యూఎస్‌బీ సందులో పెన్‌డ్రైవ్ పెట్టండి, తెర మూత పదిసార్లు తెరిచి మూయండి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. పుట్టినప్పటి కెపాసిటీ ఎంత, ఇప్పుడు నిండేది ఎంత అని రెండంకెలు పక్కపక్కనే వస్తాయి. ఆ రెండో అంకె సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడుగుతూ, దుకాణదారు 'అది తీయించేద్దాంలే మేడం' అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అది ఎవరి ఇంట్లోంచి వచ్చిందో ఏమో. బిల్లు తీసుకోండి, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించండి. చోరీ మాల్ తెలిసి కొనడం చట్టంలోనూ నేరమే, దీన్‌లోనూ జాయెజ్ కాదు. అమ్మేవాళ్లకూ ఇదే మాట. ఐబ్ ఉంటే చెప్పి అమ్మండి. మనవాళ్లు చాలామంది ఈ సెకండ్‌హ్యాండ్ ధందాలోనే ఉన్నారు కాబట్టి కొంచెం గట్టిగా అంటున్నాను.

ఇక హిఫాజత్. మాది కర్నూలు. ఎండాకాలం సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. ఆ పైన దుమ్ము. బేతంచెర్ల వైపు నాపరాళ్లు కోసే చోట ఉండే చుట్టాల ఇంటికెళ్లి ఒక లాప్‌టాప్ విప్పితే, ఫ్యాను రెక్కలకూ రాగి రేకులకూ మధ్య రగ్గు ముక్కలాగా దుమ్ము పేరుకుని ఉంది. గాలి పోయే దారే లేదు. ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందుకే మధ్యాహ్నం మిషన్ మొరాయిస్తుంది, రాత్రి బాగా నడుస్తుంది. ఇంట్లోవాళ్లు వైరస్ అనుకుంటారు. ఏడాదికోసారి విప్పి బ్రష్‌తో దులపండి. దులిపేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. రెండు మూడేళ్లకోసారి ప్రాసెసర్ మీది ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టండి. దివాన్ మీద, దుప్పటి మీద పెట్టి వాడకండి, కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. ఒక చెక్క పలక చాలు.

బ్యాటరీ విషయంలో మాత్రం కంజూసీ వద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, కింది మూత ఉబ్బినట్టు అనిపిస్తే లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఆపేయండి, ఛార్జింగ్ పెట్టకండి. సూదితో గుచ్చి గాలి తీసే మేధావులు కూడా ఉన్నారు, వాళ్లను దగ్గరికి రానీయకండి, అది అంటుకుంటుంది. బ్యాటరీ తీసేసినా చాలా లాప్‌టాప్‌లు ఛార్జర్ మీద నడుస్తాయి.

మరమ్మత్తు మన చేతికి ఎందుకు రావాలంటే ఒక ముచ్చట చెబుతాను. నేను ట్యూషన్ పిల్లల కోసం ఒక పాత డెస్క్‌టాప్ పెట్టాను. ఒకరోజు అది ఏ వెబ్‌సైట్ తెరిచినా 'ఇది సురక్షితం కాదు' అనడం మొదలుపెట్టింది. దగ్గర్లోని దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, నాలుగున్నర వేలు అన్నారు. ఇంటికి తెచ్చి చూస్తే గడియారం ఎప్పటిదో సంవత్సరం చూపిస్తోంది. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు, మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించేది అదే. అది అయిపోతే తారీఖు వెనక్కి పోతుంది. వెబ్‌సైట్లు చూపించే సర్టిఫికెట్‌కు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువు ఉంటుంది కదా, మన మిషన్ వేరే కాలంలో ఉంటే ఆ గడువు కుదరదు. అందుకే తలుపులన్నీ మూసుకుపోయాయి. గోడ గడియారాల దుకాణంలో ముప్ఫై రూపాయలకు బిళ్ల దొరికింది. ఎనిమిదో తరగతి అమ్మాయితో మార్పించాను. స్క్రూ బిగించి స్విచ్ నొక్కి, సైట్ తెరుచుకోగానే ఆ పిల్ల ముఖం చూడాలి మీరు.

అమ్మాయితోనే ఎందుకు మార్పించానంటే, మన ఇళ్లలో స్క్రూడ్రైవర్ అబ్బాయిల చేతికే వెళ్తుంది. కంప్యూటర్ చెడితే భాయ్ వచ్చేదాకా ఆగు అంటారు. ఆ భాయ్ ఏమో గల్ఫ్‌లో ఉంటాడు. పర్దాలో ఉండే ఆడపిల్ల తన లాప్‌టాప్‌ను, అందులో ఇంటిల్లిపాది ఫోటోలతో సహా, ముక్కూమొహం తెలియని దుకాణంలో రెండు రోజులు వదిలేసి రావడం మనకు ఫరవాలేదు గానీ, తనే విప్పుకుంటే అబ్బో అంటాం. నాకు ఇది ఉల్టా లెక్కలా ఉంది.

ఫోటోల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా వినండి. పాతది అమ్మేటప్పుడు ఫార్మాట్ కొట్టాం కదా అని ధైర్యంగా ఉండకండి. మామూలుగా డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ చేసినా ఫైళ్ల జాబితా పోతుందే గానీ హార్డ్ డిస్క్ మీద అసలు బొమ్మలు అలాగే ఉంటాయి. వాటి మీద వేరేది రాసేవరకు వెనక్కి తీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. నిఖా ఫోటోలు, ఆధార్ కాపీలు, అన్నీ అమానత్‌లే. డిస్క్ తీసి ఇంట్లో పెట్టుకుని మిగతాది అమ్మండి. ఆ డిస్క్‌ను ఒక యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టుకుంటే బ్యాకప్‌కు కూడా పనికొస్తుంది.

ఇప్పుడు పైన వాయిదా వేసిన తరం సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. నమోదు చేసుకున్నవాళ్లకు భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ దాకా ఇస్తామంది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే అనుమతి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. అంటే నా లాప్‌టాప్ లాంటివి, నిక్షేపంగా నడుస్తున్నవి, ఒక్క తారీఖుతో 'కబాడ్' అయిపోయాయి. వాటిలో ఏ పార్టూ చెడలేదు. ఈ జబర్‌దస్తీ నాకు నచ్చలేదు. అందుకే లినక్స్ మింట్ వేసుకున్నాను. ఉచితం, క్రాక్ అక్కర్లేదు. దానికి రెండు జీబీ ర్యామ్ ఉన్నా సరే, నాలుగు ఉంటే హాయి. లిబర్‌ఆఫీస్ అందులోనే వస్తుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ, ఉర్దూ కీబోర్డూ రెండూ పెట్టుకున్నాను, ఒక మీట నొక్కితే ఎడమ నుంచి కుడికి రాసేది కుడి నుంచి ఎడమకు మారుతుంది. ఈ బ్లాగు రాతలన్నీ అందులోంచే వస్తున్నాయి. ప్రింటర్ దగ్గర రెండు రోజులు తిప్పలు పడ్డమాట నిజం.

క్రాక్ గురించి ఒక్క మాట. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో మిషన్ మీద దొంగ విండోస్ వేసి ఇస్తారు. ఆ క్రాక్ వెంట ఏం చొరబడుతుందో వేసినవాడికీ తెలీదు. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ మిషన్లలో అసలు లైసెన్స్ తాళం బోర్డులోనే ఉంటుంది. దానికి తగిన విండోస్‌ను మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తెచ్చి వేస్తే చాలాసార్లు అదే గుర్తుపట్టి యాక్టివేట్ అవుతుంది. హలాల్ దారి ఉచితంగా ఉన్నప్పుడు హరామ్ దారికి పోవడం బద్ధకమే తప్ప ఇంకేం కాదు.

అయితే అన్నిటికీ పాతదే చాలంటే అది మొండితనం. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు, ఆర్కిటెక్చర్‌లో పెద్ద త్రీడీ డిజైన్లు గీసేవాళ్లకు నా లాప్‌టాప్ సరిపోదు. ఇప్పుడు కొనేవాళ్లయితే ఎనిమిదో తరం కంటే కిందకు దిగకండి అనే చెబుతాను. నాలుగైదేళ్లు నిశ్చింత. ఇంట్లో ఇప్పటికే ఉన్న పాతవాటిని పారేయొద్దన్నదే నా మాట. ఇంజనీరింగ్ మొదటి ఏడాది సీ ప్రోగ్రాములకు ఏ కంప్యూటరైనా చాలు. డేటా సైన్స్ కోర్సులవాళ్లు బరువైన పనిని గూగుల్ కొలాబ్‌లో, బ్రౌజర్ నుంచే నడిపించుకోవచ్చు.

'ఫోన్ ఉంది కదా' అనేవాళ్లకు నా జవాబు వేరే. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ రెండూ కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్షలు. జిందగీలో మౌస్ పట్టుకోని పిల్లను నేరుగా ఆ హాల్లో కూర్చోబెడుతున్నాం. పక్క సీటులో చిన్నప్పటి నుంచి ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్ల ఉంటుంది. ఎనిమిది వేల పాత డెస్క్‌టాప్ ఆ గుబులునైనా తీసేస్తుంది.

మా మామూ సంగతి చెప్పకపోతే ఈ రాత అధూరా. ఆయన డీటీపీ చేస్తారు, షాదీ రుఖాలే ఎక్కువ. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ. తెలుగుకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు, ఉర్దూకు ఇన్‌పేజ్. ఇన్‌పేజ్ 1994లో మన దేశంలోనే తయారైంది. అది వచ్చాక ఖుష్‌నవీస్ చేతి రాత లేకుండానే నస్తాలీఖ్‌లో రుఖా తయారైంది. మామూ దగ్గర ఈ రెండూ ఒక విండోస్ ఎక్స్‌పీ మిషన్ మీద నడుస్తున్నాయి. ఎక్స్‌పీకి అప్‌డేట్లు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. దాన్ని మార్చుదామంటే "చల్‌రా సో మషీన్ కు హాథ్ నక్కో లగా" అంటారు. నేను ఆయన పక్షమే. షరతు ఒక్కటే, ఆ మిషన్‌కు ఇంటర్నెట్ వైరు తగలకూడదు. దుకాణంలో నెట్ కోసం వేరే మిషన్ ఉంది. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వెళ్తాయి, ఆ పెన్‌డ్రైవ్‌ను ముందు లినక్స్‌లో చూసి పంపిస్తాను.

కబాడీ దాకా వెళ్తే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. ఢిల్లీలో సీలంపూర్ అని ఒక బస్తీ ఉంది. ఎక్కువగా మనవాళ్లే ఉండే చోటు. దేశం నలుమూలల నుంచి పాత కంప్యూటర్లు అక్కడికి చేరతాయి. ఇరుకు గల్లీల్లో, చేతి తొడుగులు కూడా లేకుండా బోర్డులు పగలగొడతారు, వైర్లు విడదీస్తారు. రాగి కోసం వైర్లు కాల్చడం, లోహాల కోసం బోర్డులను తేజాబ్‌లో ముంచడం ఈ ధందాలో మామూలు. సీసం ఊపిరిలోకి పోతుంది. ఆ ఇళ్లకు అదే రోజీ, వాళ్లను తప్పుపట్టలేం. మన మిషన్ ఇంకో అయిదేళ్లు మన బల్ల మీదే ఉంటే ఆ గల్లీలోకి అయిదేళ్లు ఆలస్యంగా వెళ్తుంది. వెళ్లక తప్పని రోజు వచ్చినప్పుడు, అధికారికంగా ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి, తూకానికి అమ్మకండి.

మా భాంజీ విషయం తేలింది. ఎనిమిదో తరం లాప్‌టాప్ ఒకటి ఇరవై రెండు వేలకు దొరికింది, నగదు. కిస్తీ లేదు. తనే ర్యామ్ మార్చుకుంది. సెలవుల్లో మామూ దుకాణంలో కూర్చుని పాత ఇన్‌పేజ్ రుఖాలను యూనికోడ్‌లోకి మారుస్తోంది. మూడొందల దాకా అయ్యాయట. కొన్ని ఫైళ్లలో హర్ఫులు తారుమారవుతున్నాయి, ముఖ్యంగా పేర్ల దగ్గర. దూలాభాయ్ ఇప్పటికీ 'వచ్చే ఏడాది కొత్తది కొనిద్దాం' అంటూనే ఉన్నారు.